ఫోంతెనే మఠంలో ఏది పాతది, ఏది కొత్తది?

ఫ్రాన్స్‌లో బుర్గుండి ప్రాంతం. మోంబార్ అనే చిన్న ఊరి నుంచి ఆరు కిలోమీటర్లు వెళ్తే, రెండు అడవి కొండల నడుమ ఇరుకైన లోయ వస్తుంది. ఫోంతెనే మఠం ఆ లోయ అడుగున ఉంది. గేటు దాటగానే దువ్వినట్టున్న పచ్చిక, గుండ్రంగా కత్తిరించిన పొదలు, ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు, వాటి వెనక లేత గోధుమరంగు రాతి గోడలు. తొమ్మిది వందల ఏళ్లుగా ఈ చోటు ఇలాగే ఉండి ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకూ అదే అనిపించింది.

కానీ 1905లో ఇదే గేటు దగ్గర నిలబడితే కనిపించేది కాగితం మిల్లు. మఠం భవనాల మధ్య, వాటిని కమ్ముకుంటూ కట్టిన ఫ్యాక్టరీ కట్టడాలు. ఇప్పుడు కంటికి హాయిగొలిపే తోట 1990లలో తీర్చిదిద్దింది. చర్చి 12వ శతాబ్దానిది. సన్యాసులు పడుకున్న హాలు మీది చెక్క కప్పు 15వ శతాబ్దానిది. కొలిమి భవనంలో నీటి చక్రంతో లేచిపడే పెద్ద సమ్మెట 2008లో తయారుచేసి పెట్టింది. ఇన్ని కాలాలు పక్కపక్కనే ఉన్నా అతుకు కనబడదు. చూడటానికి వచ్చినవాళ్లు తికమక పడేది ఇక్కడే.

మనం జీర్ణోద్ధరణ అనే ఒక్క మాటతో చాలా పనుల్ని కలిపేస్తాం. ఒరిగిన గోడకు ఊతమివ్వడం ఒక పని. పడిపోయినదాన్ని ఆధారాలు చూసుకుని మళ్లీ కట్టడం ఇంకో పని. తర్వాతి కాలంలో వచ్చి చేరినవాటిని పడగొట్టి అడుగున ఉన్న పాతదాన్ని బయటికి తీయడం మూడో పని. ఫోంతెనేలో ప్రధానంగా జరిగింది ఈ మూడోదే. ఇక్కడి ప్రశాంతతలో పెద్ద భాగం కూల్చివేతతో వచ్చింది. ఆ కూల్చివేత మంచిదా కాదా అని తేల్చుకోవాలంటే, అసలు ఈ మఠాన్ని ఇంత బోసిగా ఎందుకు కట్టారో ముందు తెలియాలి.

1098లో మొలెమ్ అనే చోట మఠాధిపతిగా ఉన్న రాబర్ట్, కొందరు సన్యాసులను వెంటబెట్టుకుని దిజోన్ నగరానికి దక్షిణాన సీతో అనే అడవికి వెళ్లిపోయాడు. ఆ ఊరి లాటిన్ పేరు నుంచే ఈ సన్యాసుల సంఘానికి సిస్టర్షియన్ అన్న పేరు పుట్టింది. వాళ్లు కొత్త సిద్ధాంతమేదీ తేలేదు. 6వ శతాబ్దంలో సెయింట్ బెనెడిక్ట్ రాసిన మఠ నియమావళిని ఉన్నది ఉన్నట్టు పాటిద్దాం అన్నారు, అంతే. తమ చేతుల కష్టంతో బతికితేనే నిజమైన సన్యాసులని ఆ నియమావళి చెబుతుంది. అప్పటికి పెద్ద మఠాలు దశమ భాగాల మీద, అంటే జనం చెల్లించే పంటలో పదో వంతు మీద, కౌలుదార్ల చాకిరీ మీద బతుకుతున్నాయి. క్లూనీ మఠంలో రోజులో ఎక్కువ భాగం ప్రార్థన గానాలకే సరిపోయేది. సీతోకు వెళ్లినవాళ్లు దీని నుంచి బయటపడాలనుకున్నారు. మిగతా సన్యాసుల నల్లంగీ మానేసి రంగు వేయని ఉన్నిబట్ట కట్టుకున్నారు. అందుకే వాళ్లను తెల్లంగీ సన్యాసులు అనేవారు.

1113 ప్రాంతంలో బెర్నార్డ్ అనే యువకుడు దాదాపు ముప్పై మంది అన్నదమ్ములను, స్నేహితులను కూడగట్టుకుని వచ్చి ఈ సంఘంలో చేరాడు. 1115లో, ఇరవై అయిదేళ్ల వయసులో, క్లెర్వో మఠానికి అధిపతి అయ్యాడు. 1118లో క్లెర్వో నుంచి పంపిన సన్యాసులే ఫోంతెనేకు పునాది వేశారు. భూమి ఇచ్చినవారిలో బెర్నార్డ్ మేనమామ, మోంబార్ ప్రభువు రెనార్ ఉన్నాడు. మొదటి మఠాధిపతి గోద్‌ఫ్రుఆ బెర్నార్డ్‌కు దగ్గరి బంధువు. ఊరికి దూరంగా, లోకానికి దూరంగా అని బయలుదేరినవాళ్లకు కూడా మొదటి సెంటు భూమి మేనమామ ఇంటి నుంచే వచ్చింది. మఠాల చరిత్ర చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిదని నాకనిపిస్తుంది. భక్తి ఎంత నిజమో, చుట్టరికం అంత నిజం.

మొదట దగ్గర్లోనే వేరే చోట ఉండి, 1130 ప్రాంతంలో ఇప్పటి లోయలోకి మారారు. ఇది చిత్తడి నేల. ఫోంతెనే అన్న పేరులోనే ఊటలున్నాయి. నీళ్లు ఎక్కువై పనికిరాకుండా పోయిన చోటును ఎందుకు ఎంచుకున్నారన్నదానికి జవాబు మళ్లీ బెనెడిక్ట్ నియమావళిలోనే దొరుకుతుంది. నీళ్లు, పిండిమర, తోట, చేతిపనులు అన్నీ ప్రాకారం లోపలే ఉండాలి, సన్యాసి బయట తిరగాల్సిన అవసరం రాకూడదు అంటుంది అది. అంటే మఠానికి కావలసింది ఏకాంతం ఒక్కటే కాదు, సొంత నీటి వసతి కూడా. ఊబిలోంచి కాలువలు తవ్వి నీటిని ఒక దారికి తెచ్చారు. ఒక పాయ తాగడానికి, ఒక పాయ చేపల చెరువులకు, ఒక పాయ చక్రాలు తిప్పడానికి. అందుకే ఈ మఠాన్ని ముందుగా చర్చి వైపు నుంచి కాకుండా కాలువ వైపు నుంచి చూడమంటాను. నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయో పట్టుకుంటే, ఏ భవనం ఎక్కడ ఎందుకుందో దానంతటదే తెలిసిపోతుంది.

ఇక చర్చి. 1139లో మొదలుపెట్టి 1147లో పూర్తిచేశారు. దీనికి డబ్బు సమకూర్చింది ఇంగ్లండ్‌లోని నారిచ్ బిషప్పు ఎబ్రార్డ్. పదవి వదులుకుని వచ్చి ఇక్కడే ఆశ్రయం పొంది ఇక్కడే కన్నుమూశాడు. ప్రతిష్ఠ చేసింది పోప్ మూడో యూజీనియస్, ఆయన కూడా ఒకప్పుడు బెర్నార్డ్ దగ్గర సన్యాసే. మన రామప్ప గుడి కట్టిన 1213 నాటికి ఈ చర్చి వయసు అరవై ఆరేళ్లు. ఆ రెండింటినీ మనసులో పక్కపక్కన పెట్టుకుంటే తేడా తేటగా కనబడుతుంది. రామప్పలో రాయి ఆడుతుంది, పాడుతుంది, అంగుళం జాగా వదలదు. ఫోంతెనేలో రాయిని నోరు మెదపనివ్వలేదు.

లోపలికి అడుగుపెట్టగానే కళ్లకు చీకటి అలవాటు పడటానికి ఒక నిమిషం పడుతుంది. పొడవు 66 మీటర్లు. కింద మట్టినేల, పైన మొన తేలిన కమాను కప్పు. రంగుటద్దాలు లేవు, గోడల మీద బొమ్మలు లేవు. నడిమి భాగానికి పైన కిటికీలే లేవు. వెలుతురంతా రెండు కొసల నుంచి వస్తుంది: పడమటి గోడకున్న ఏడు కిటికీలు, తూర్పున గర్భగుడి వంటి చోట రెండు వరుసల్లో మూడేసి కిటికీలు. నడుమ నిలబడితే ముందూ వెనకా వెలుగు, మనమున్న చోట మసక.

ఈ చీకటి వెనక లెక్క ఉంది. రాతి కమాను ఎప్పుడూ గోడల్ని బయటికి తోస్తుంటుంది. ఆ తోపుడును ఆపడానికి తర్వాతి కాలపు గోతిక్ చర్చిల్లో బయటి నుంచి గాలిలో తేలే రాతి ఊతాలు కట్టారు. ఫోంతెనేలో వేరే ఉపాయం చేశారు. పక్క నడవల మీద, పెద్ద కమానుకు అడ్డంగా, చిన్న చిన్న కమానులు వరసగా పరిచారు. గడియ వేసిన తలుపుకు భుజం ఆనించినట్టు అవి రెండు వైపులా నిలబడి పెద్ద కమాను బరువును అందుకుంటాయి. ఈ పద్ధతిలో కప్పు ఎనిమిదిన్నర శతాబ్దాలు దాటి నిలిచింది. అయితే పక్క నడవల కప్పు ఎత్తుగా వచ్చి నడిమి గోడకు కిటికీలు పెట్టే జాగా మిగలదు. చీకటి ఆ ఉపాయానికి చెల్లించిన వెల. సన్యాసులకు అది వెలగా అనిపించి ఉండదు. తెల్లవారుజాముకు చాలా ముందే లేచి మొదటి ప్రార్థన చేసేవాళ్లకు కిటికీలతో పనేముంది?

బొమ్మలు ఎందుకు వద్దన్నారో బెర్నార్డ్ స్వయంగా రాశాడు. 1125 ప్రాంతంలో రాసిన ఒక లేఖాగ్రంథంలో క్లూనీ తరహా చర్చిల మీద విరుచుకుపడ్డాడు. చర్చి గోడలు బంగారంతో మెరుస్తుంటే చర్చి బిడ్డలు గుడ్డలు లేక ఉన్నారన్నది ఒక మాట. చదువుకునే సన్యాసుల కళ్లెదుట ఈ కోతులు, సింహాలు, సగం మనిషి సగం గుర్రం బొమ్మలు దేనికి, పుస్తకం వదిలేసి రోజంతా రాళ్లనే చదువుతూ కూర్చుంటారు కదా అన్నది ఇంకో మాట. జాగ్రత్తగా చూస్తే ఆ రెండో మాటలో శిల్పం మీద చులకన లేదు. శిల్పం ఎంత బలంగా మనసును లాక్కుంటుందో తెలిసినవాడి భయం ఉంది. మామూలు జనం వచ్చే చర్చిల్లో బొమ్మలుండటాన్ని ఆయన అర్థం చేసుకున్నాడు. సన్యాసుల మఠంలో మాత్రం వద్దన్నాడు.

చర్చికి దక్షిణాన తెరుచుకునే చోటును వర్ణించడానికి మన దగ్గర సిద్ధంగా ఒక మాట ఉంది: మండువా. నడుమ ఆకాశం కనిపించే ఖాళీ, చుట్టూ నాలుగు వైపులా కప్పున్న వసారా, ఆ వసారాలోంచే అన్ని గదులకూ దారి. కోనసీమ లోగిళ్లలో పెరిగినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. ఇక్కడ ఆ మండువా ఒక్కో వైపు 36 నుంచి 38 మీటర్లు. జంట స్తంభాలు, వాటి తలలపై ఒక ఆకు మడత, అంతే. ఒక స్తంభం దగ్గర ఆగి చూశాను. ఆకు అంచు రాతిలోంచి పైకి లేచి, కొస దగ్గర కొద్దిగా వంపు తిరిగి ఆగిపోయింది. ఈనెలు చెక్కలేదు. పక్క స్తంభం మీద అదే ఆకు, వంపు మాత్రం మరో తీరు. ఇంకో స్తంభం దగ్గర ఆకు దాదాపు లేనట్టే. నియమం బొమ్మను నిషేధించింది గానీ ఉలి పట్టుకున్న చేతిని నిషేధించలేకపోయింది.

మండువా చుట్టూ ఉన్న గదులు ఒక రోజు దినచర్యను గోడల్లో రాసినట్టుంటాయి. తూర్పు వైపు సమావేశ మందిరం. రోజూ ఉదయం నియమావళిలో ఒక అధ్యాయం చదివి తప్పులు ఒప్పుకునే చోటు. దాని పక్కన 30 మీటర్ల పొడవున్న పని హాలు. ఆ హాలును ఆనుకుని వెచ్చగది. మంట వేసుకోవడానికి వంటిల్లు కాక అనుమతి ఉన్న చోటు అదొక్కటే. రాతపనికి వాడే సిరా గడ్డకట్టకుండా, వేళ్లు కొయ్యబారకుండా ఈ ఏర్పాటు. పైన పడక హాలు. చలికి అక్కడ ఏ మంటా లేదు. సన్యాసులు అంగీలతోనే గడ్డి పరుపుల మీద వరసగా పడుకునేవారు. హాలు నుంచి మెట్లు నేరుగా చర్చిలోకి దిగుతాయి. అర్ధరాత్రి దాటాక గంట మోగితే నిద్ర కళ్లతోనే దిగి వెళ్లడానికి. పాత కప్పు కాలిపోయాక 15వ శతాబ్దంలో ఓక్ దూలాలతో కట్టిన కప్పు తలకిందులుగా బోర్లించిన ఓడ పొట్టలా ఉంటుంది. చర్చి రాతి మౌనం చూసి వచ్చిన తర్వాత ఈ చెక్క కిందికి రాగానే ఊపిరి తేలికవుతుంది.

ఒక మఠం చూస్తే వంద మఠాలు చూసినట్టే అని ఈ సంఘం విషయంలో అనొచ్చు. అన్ని మఠాధిపతులూ ఏటా సీతోకు వచ్చి సమావేశమయ్యేవారు. అక్కడ ఒప్పుకున్న పద్ధతే అన్ని చోట్లా నడిచేది. బెర్నార్డ్ చనిపోయిన 1153 నాటికి మఠాలు మూడు వందలు దాటాయి. ఆ తొలి కాలపు కట్టడం దాదాపు పూర్తిగా నిలిచి ఉన్న చోటు కాబట్టే ఫోంతెనేకు ఇంత పేరు. తల్లి మఠం క్లెర్వో మధ్యయుగపు చర్చి ఇప్పుడు లేదు. సీతోలో ఆనాటి రాళ్లు చాలా కొద్ది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టి నిలబెట్టింది కొలిమి. ఆవరణకు దక్షిణం కొసన, కాలువ గట్టునే ఉన్న 53 మీటర్ల పొడవు రాతి భవనం. 12వ శతాబ్దం చివరికీ 13వ శతాబ్దం మొదటికీ మధ్య కట్టింది. గోడల దిట్టతనం, కమానుల తీరు చూస్తే ఇదీ ఒక చర్చేనేమో అనిపిస్తుంది. పనిచోటును ప్రార్థనాచోటుకు తీసిపోకుండా కట్టారు. యూరప్‌లో నిలిచి ఉన్న అతి పాత లోహపు కర్మాగారాల్లో ఇదొకటి.

ఇక్కడి కొండల్లోనే ఇనుప ఖనిజం దొరికేది. బొగ్గుతో కలిపి కొలిమిలో కాలిస్తే అప్పటి వేడికి ఇనుము కరిగి పారదు. బోలుబోలుగా, స్పాంజిలా ఒక ముద్ద తయారవుతుంది. ఆ ముద్ద నిండా చిట్టెం ఇరుక్కుని ఉంటుంది. ఎర్రగా కాలి ఉండగానే మళ్లీ మళ్లీ కొడితే చిట్టెం చిమ్మి బయటికి పోయి ఇనుము బిగుస్తుంది. చేతి సమ్మెటతో ఇది ఒళ్లు విరిచే పని. ఇక్కడే నీళ్లు అక్కరకొచ్చాయి. కాలువ నీరు చక్రాన్ని తిప్పుతుంది. చక్రం ఇరుసుకు పళ్లు బిగించి ఉంటాయి. ఆ పన్ను వచ్చి దూలం ఒక కొసను నొక్కగానే, ఏతంలో లాగా రెండో కొస లేస్తుంది. పన్ను దాటిపోగానే ఆ కొసకున్న బరువైన సమ్మెట దాకలి మీద పడుతుంది. తూము తలుపు ఎంత ఎత్తితే దెబ్బలు అంత జోరుగా పడతాయి.

2008లో పెట్టిన నమూనా పనిచేస్తుంటే దాని పక్కన నిలబడి చూశాను. మొదట నీటి చప్పుడు. తర్వాత దూలం మూలుగు. ఆ తర్వాత దెబ్బ, అది చెవికన్నా ముందు అరికాళ్లకు తెలిసింది. మౌనవ్రతం పట్టిన మఠం అనగానే నిశ్శబ్దాన్ని ఊహించుకుంటాం కదా. పని జరిగే రోజుల్లో ఈ లోయ మోగుతూ ఉండి ఉంటుంది. మౌనం మనుషులది. సమ్మెటకు, నీటికి, గంటకు ఆ నియమం లేదు.

మరి ఈ కష్టమంతా ఎవరు చేశారు? సన్యాసుల చేతి పని గురించి చెప్పేటప్పుడు తరచూ దాటేసే సంగతి ఇది. సిస్టర్షియన్లు రెండు వర్గాలుగా ఉండేవారు. చదువుకున్న, లాటిన్ ప్రార్థనలు పాడే సన్యాసులు ఒకరు. చదువురాని, ఎక్కువగా రైతు కుటుంబాల నుంచి వచ్చిన శ్రామిక సహోదరులు మరొకరు. శ్రామిక సహోదరులు కూడా వ్రతం పట్టినవాళ్లే. కానీ వాళ్లకు పడక వేరు, భోజనం వేరు, చర్చిలో నిలబడే చోటు వేరు. మఠాధిపతిని ఎన్నుకోవడంలో వాళ్లకు మాట లేదు. దూరపు పొలాలూ మందలూ చూసుకున్నది చాలావరకు వాళ్లే, బరువు పనులూ వాళ్ల మీదే పడేవి. బోసి గోడల వైరాగ్యం వాళ్ల రెక్కల మీద నిలిచింది. ఈ కష్టం, క్రమశిక్షణ, కొన్ని పన్నుల మినహాయింపు కలిసి నిరాడంబర సంఘాన్ని కొన్ని తరాల్లోనే పెద్ద భూస్వామిని చేశాయి. సీతో మఠానికి బుర్గుండిలో పేరుమోసిన ద్రాక్షతోటలు ఉండేవి. ఇంగ్లండ్‌లో కొన్నిచోట్ల మఠం పొలాల కోసం పల్లెలను ఖాళీ చేయించారు కూడా.

ఫోంతెనే పతనాన్ని క్లుప్తంగానే చెప్పొచ్చు. 14వ శతాబ్దపు యుద్ధాల్లో దోపిడీకి గురైంది. 16వ శతాబ్దం నుంచి మఠాధిపతిని సన్యాసులు ఎన్నుకోవడం పోయి రాజు నియమించడం మొదలైంది. అలా వచ్చినవాళ్లకు మఠం ఒక జాగీరు. రాబడి వాళ్లకు, రిపేరు ఎవరికీ పట్టదు. కూలిపోయే స్థితికి వచ్చిన భోజనశాలను 1745లో పడగొట్టేశారు. ఫ్రెంచి విప్లవం నాటికి మిగిలింది కొద్దిమంది సన్యాసులు. మఠాల ఆస్తులు జాతీయం చేశాక, 1791లో దీన్ని అమ్మేశారు. కొన్న వ్యక్తి కాగితం మిల్లు పెట్టాడు.

ఈ ముడిలో అసలు చిక్కు ఇక్కడుంది. అదే విప్లవం తర్వాత క్లూనీ మహా చర్చిని కొన్నవాళ్లు రాళ్ల గనిలా తవ్వుకుని అమ్ముకున్నారు. ఇప్పుడక్కడ మిగిలింది చిన్న ముక్క. క్లెర్వోను 19వ శతాబ్దం మొదట్లో జైలుగా మార్చారు, చర్చిని కూల్చారు. ఫోంతెనేలో మాత్రం గోడలతో పనిపడింది. కాగితానికి పారే నీళ్లు కావాలి, చక్రాలు కావాలి, సరుకు దాచడానికి, ఆరబెట్టడానికి పెద్ద పెద్ద కప్పున్న హాళ్లు కావాలి. ఏడు శతాబ్దాల కిందట సన్యాసులు అమర్చిపెట్టినవి సరిగ్గా అవే. 1820లో మిల్లు మోంగోల్ఫియే కుటుంబం చేతికి వచ్చింది. 1783లో వేడిగాలి బుడగను ఎగరేసిన అన్నదమ్ముల వంశం అది, తరతరాలుగా కాగితం వాళ్ల వృత్తి. ఆ కుటుంబపు అల్లుడు, వేలాడే వంతెనలు కట్టిన ఇంజనీరు మార్క్ సెగ్వెన్ కూడా ఇక్కడ మిల్లును పెంచాడు. చర్చి బతికింది గోదాముగా పనికొచ్చింది కాబట్టి. కాగితం వల్ల ఫోంతెనే రూపు చెడింది. కాగితం వల్లనే ఫోంతెనే మిగిలింది. రెండూ నిజాలే.

20వ శతాబ్దం మొదట్లో మిల్లు మూతపడింది. 1906లో లియోన్ నగరపు బ్యాంకరు, కళాభిమాని ఎదువార్ ఎనార్ దీన్ని కొన్నాడు. ఆయనా మోంగోల్ఫియే ఇంటి అల్లుడే. అంటే మళ్లీ చుట్టరికమే. 1911 దాకా కొడుకులతో కలిసి పని నడిపించాడు. ఆ అయిదేళ్లలో చేసిన ప్రధానమైన పని మిల్లు కట్టడాలను ఒక్కొక్కటిగా తొలగించడం. ఎనార్ కుటుంబమే నేటికీ మఠాన్ని చూసుకుంటోంది. 1981లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఎనార్ పని మొదలుపెట్టేనాటికే కట్టడాల పునరుద్ధరణ గురించి యూరప్‌లో పెద్ద గొడవే జరిగి ఉంది. ఫ్రాన్స్‌లో వ్యోలే ల్య ద్యుక్ అనే వాస్తుశిల్పి, పునరుద్ధరణ అంటే ఒక కట్టడాన్ని ఎన్నడూ ఏ కాలంలోనూ లేనంత సంపూర్ణ రూపానికి తేవడం కూడా కావచ్చని వాదించాడు. ఇంగ్లండ్‌లో కళా విమర్శకుడు రస్కిన్ దాన్ని అబద్ధం అన్నాడు. పోయింది పోయింది, ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకోండి చాలన్నాడు. ఎనార్ చేసినది వీటిలో దేనికీ పూర్తిగా ఒదగదు. కోల్పోయిన భోజనశాలను ఊహించి కొత్తగా లేపలేదు. ఆ విషయంలో ఆయన నిగ్రహానికి చేతులెత్తి మొక్కాలి. కానీ వంద ఏళ్ల పైచిలుకు కాగితం మిల్లు చరిత్రను తుడిచేశాడు.

ఇప్పుడైతే అలా చేయనిచ్చేవారా? పాత కట్టడాల పరిరక్షణకు 1964లో రాసుకున్న అంతర్జాతీయ నియమపత్రం వెనిస్ చార్టర్, ఒక కట్టడంలో అన్ని కాలాల విలువైన చేర్పులనూ గౌరవించాలనీ, అంతా ఒకే శైలిలోకి తేవడం లక్ష్యం కాదనీ చెబుతుంది. ఆ లెక్కన మిల్లులో కొంత భాగమైనా ఉంచమనేవారు. నా మటుకు నాకు, ఎనార్ నిర్ణయం వల్లనే ఆ చర్చి చీకటిని, ఆ మండువా వెలుగును అనుభవించగలిగాను కాబట్టి ఆయన్ను తప్పుపట్టలేను. అయినా మిల్లులో పనిచేసిన కూలీల ఆనవాళ్లు కూడా సన్యాసుల ఆనవాళ్లంత విలువైనవే అన్న ఆలోచన నన్ను వదలదు. శ్రామిక సహోదరుల విషయంలో జరిగిన మరపు ఇక్కడ రెండోసారి జరిగింది.

ఇంగ్లండ్ వెళ్తే ఇదే సంఘానికి చెందిన ఫౌంటెన్స్ మఠంలో దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి కనబడుతుంది. 1539లో ఎనిమిదో హెన్రీ ప్రభుత్వం దాన్ని మూయించింది, కప్పులు పోయాయి. 1767లో పక్క ఎస్టేటు యజమాని విలియం ఎయిస్లబీ ఆ శిథిలాలను కొని తమ నీటితోటకు చివరి దృశ్యంగా కలుపుకున్నాడు. అక్కడ శిథిలమే తోటకు అలంకారం. ఫోంతెనేలో తోట కట్టడానికి వేసిన చట్రం.

తోట దగ్గరికి వచ్చాం కాబట్టి ఇది సూటిగా చెప్పాలి. ఇప్పుడు చూసే తోట మధ్యయుగపు తోట కాదు, అలా అని ఎవరూ చెప్పుకోవడం కూడా లేదు. 1990లలో ఇంగ్లిష్ తోటల రూపశిల్పి పీటర్ హోమ్స్ దీన్ని కొత్తగా రూపుదిద్దాడు. 2004లో ఫ్రెంచి సాంస్కృతిక శాఖ దీనికి విశిష్ట ఉద్యానం అన్న గుర్తింపునిచ్చింది. చదునైన పచ్చిక, గుండ్రటి పొదలు, గోడల వెంబడి మొక్కల పట్టీలు. వాటి పని రాతిని పైకెత్తి చూపడం. పూల రంగులు ఎక్కువ పెట్టి ఉంటే ఈ రాయి వెలవెలబోయేది. ఆ సంగతి తెలిసిన చేయి అది.

మరి సన్యాసుల కాలంలో ఇక్కడేం పెరిగి ఉండేవి? మధ్యయుగపు మఠాల తోటల గురించి మనకున్న గొప్ప ఆధారం స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్‌లో భద్రంగా ఉన్న 9వ శతాబ్దపు తోలు కాగితం పటం. అది బెనెడిక్టీన్ మఠానికి గీసిన ఆదర్శ నమూనా. అందులో కూరగాయల తోటకు 18 మడులు, రోగులుండే ఇంటి పక్కన మూలికల తోటకు 16 మడులు. ప్రతి మడికీ ఏ మొక్కో పేరు రాసి ఉంది. పండ్ల చెట్లు శ్మశానంలో, సమాధుల మధ్య వరసల్లో. అలంకారానికంటూ విడిగా ఒక్క చోటూ లేదు.

సిస్టర్షియన్ల వంటింటికి తోట ఇంకా ముఖ్యం. నియమావళి ప్రకారం రోగులకు తప్ప నాలుగు కాళ్ల జంతువుల మాంసం నిషిద్ధం. రొట్టె, వండిన కూరలు రెండు, కొద్దిగా ద్రాక్షసారా, వీలైనప్పుడు చేపలు. అంటే చిక్కుళ్లు, బఠాణీలు, క్యాబేజీ, ఉల్లి, వెల్లుల్లి. బంగాళాదుంప లేదు, టమాటా లేదు. అవి అమెరికా ఖండం నుంచి రావడానికి ఇంకా మూడు, నాలుగు వందల ఏళ్లుంది. ఆమాటకొస్తే అప్పటి తెలుగు వంటింట్లోనూ మిరపకాయ లేదు, కారమంటే మిరియమే. ఆ తోటలో మడులు, పెంటకుప్పలు, మన్ను అంటిన చేతులు ఉండి ఉంటాయి. పచ్చికను పచ్చిక కోసం పెంచే తీరిక, కోరిక రెండూ ఉండవు.

తోటలో సన్యాసుల కాలపు ఆలోచనను అచ్చంగా చూపేది నీళ్లే. తొట్టిలో ట్రౌట్ చేపలు తిరుగుతుంటాయి. మాంసం మానుకున్న సంఘానికి చేపల పెంపకం ముఖ్యమైన విద్య. అంచున వంగి చూస్తే, ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, తోక మాత్రం అల్లలాడిస్తూ, ఉన్నచోటే నిలబడి ఉన్న చేప కనిపిస్తుంది. చల్లగా, తేటగా, ఆగకుండా పారే నీరు లేకపోతే ఆ చేప బతకదు. అంటే 12వ శతాబ్దంలో చేసిన నీటి ఏర్పాటు చెడలేదన్నదానికి ఆ చేపే సాక్ష్యం.

వెళ్లాలనుకునేవారికి దారి కష్టం కాదు. పారిస్ నుంచి వేగంగా వెళ్లే రైలులో మోంబార్‌కు సుమారు గంట. అక్కడి నుంచి టాక్సీ, లేదా ఓపికుంటే సైకిలు. మధ్యాహ్నం గుంపులు దిగకముందు, పొద్దున్నే వెళ్లండి. అప్పుడు చర్చి తూర్పు కిటికీల్లోంచి వచ్చే వెలుగు మట్టినేల మీద పరుచుకుని ఉంటుంది. ఇక్కడ ఇప్పుడు సన్యాసులెవరూ లేరన్నది గుర్తుంచుకోండి. ఆ సంప్రదాయం బతికి ఉన్నప్పుడు ఎలా ఉంటుందో చూడాలంటే ఫ్రాన్స్ దాకా పోనక్కర్లేదు. కేరళలో వాగమన్ కొండల మీద 1958లో మొదలైన కురిసుమల ఆశ్రమం 1998లో సిస్టర్షియన్ సంఘంలో భాగమైంది. అక్కడి సన్యాసులు పాడి ఆవులను పెంచుతూ, ప్రార్థన చేసుకుంటూ, అదే పాత నియమావళితో బతుకుతున్నారు.

చర్చిలో ఉత్తరం వైపున 13వ శతాబ్దపు మరియమ్మ విగ్రహం ఒకటుంది. బిడ్డను ఎడమ చేత ఎత్తుకుని, ఒక పక్కకు కాస్త ఒరిగి నిలబడి ఉంటుంది, బిడ్డను చంకనేసుకున్న ఏ తల్లయినా నిలబడే తీరుగా. ఏళ్ల తరబడి ఒక పల్లె శ్మశానంలో ఎండకూ వానకూ ఉండి తిరిగి వచ్చింది. బొమ్మలు వద్దన్న చర్చిలో, బెర్నార్డ్ పోయిన వందేళ్లకు పైగా గడిచాక, సన్యాసులే ఈ తల్లికి చోటిచ్చారు. అక్కడి నుంచి మండువా దాటి, భోజనశాల ఉండిన ఖాళీ పక్కగా, కొలిమి దాకా నడిచి, వెనక గట్టు మీద కాసేపు కూర్చోండి. చక్రం ఆగి ఉన్నా నీళ్లు దాని పక్కనుంచి వెళ్తూనే ఉంటాయి, గోడ దాటి మోంబార్ వైపు.